ఆ గడిలో ఏం రాయాలి?

నిరుడు జూలైలో మా అమ్మాయి స్నాతకోత్సవానికని ఇంగ్లండు వెళ్లాం. వెళ్లేముందు ఒక ఏజెంటు దగ్గర కూర్చుని ప్రయాణపు బీమా కాగితాలు నింపించుకుంటున్నాం. అక్కడి కుర్రాడు మావారిని అన్నీ వివరంగా అడిగాడు. ఏ ఆఫీసు, ఏ హోదా, ఎన్నేళ్ల సర్వీసు. నా కాగితం దగ్గరికొచ్చేసరికి అసలు అడగనే లేదు. వృత్తి అన్న గడిలో అడ్డంగా ఒక గీత గీసేసి, "ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్" అన్నాడు. నేనూ పెట్టేశాను. ఇరవై రెండేళ్లుగా అలాంటి గీతల కింద సంతకాలు పెట్టి పెట్టి అలవాటైపోయింది. కానీ ఆ రోజు ఆటోలో ఇంటికొస్తుంటే ఎందుకో ఆ గీత కళ్ల ముందు నుంచి కదల్లేదు.

మా అమ్మాయి చదివిన ఊరు నార్విచ్. "నార్విచ్ కాదమ్మా, నారిచ్. మధ్యలో ఆ అక్షరం పలకరు" అని దిగిన రోజే సరిదిద్దింది. సరే, నారిచ్. లండన్‌కి ఈశాన్యంగా, రైల్లో రెండు గంటల దూరం. ఇప్పుడు చిన్న ఊరే గానీ, ఒకప్పుడు చాలాకాలం పాటు ఇంగ్లండులో లండన్ తర్వాత పెద్ద పట్నం ఇదేనట. చెకుముకి రాళ్లతో కట్టిన ఆరువందల ఏళ్లనాటి సభామందిరం, దాని ముందు అంతకంటే పాతదైన సంత, ఎల్మ్ హిల్ అని గుండ్రాళ్లు పరిచిన సందు, ఆ సందులో ముందుకి ఒరిగినట్టుండే కర్రదూలాల ఇళ్లు. పగలంతా అమ్మాయి తన పనులమీద తిరుగుతుంటే మేమిద్దరం ఆ వీధులన్నీ నడిచేశాం. రాత్రిళ్లు అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు చదివి చెప్పేది, నేను నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే కదా.

అలా రాసుకున్నవాటిలో నన్ను కట్టిపడేసింది ఒక జాబితా. 1570లో నారిచ్ పట్నంవాళ్లు తమ ఊళ్లోని బీదవాళ్లందరినీ ఇంటింటికీ తిరిగి లెక్కరాశారు. మనకింకా రైలూ లేదు, తపాలా లేదు, అక్బరు చక్రవర్తి ఏలుతున్న కాలం. అప్పుడు అక్కడ ఇంగ్లీషువాళ్లు పదీ పదకొండు వేలమంది ఉంటే, ఈ బీదల లెక్కలోకి ఎక్కినవాళ్లే సుమారు 2300 మంది. మగవాళ్లకంటే ఆడవాళ్లు చాలా ఎక్కువ. మొగుడు వదిలేసి పోయినవాళ్లు, మొగుడు చచ్చిపోయినవాళ్లు, మొగుడు ఉండీ పనిలేక కూర్చుంటే తామే ఇల్లు లాగుతున్నవాళ్లు.

లెక్క అంటే తలలు లెక్కపెట్టి వదిలెయ్యలేదు. పేరు, వయసు, ఏం పని చేస్తారు, మొగుడెక్కడున్నాడు, పిల్లలెందరు, ఇల్లెవరిది, ఊరికొచ్చి ఎన్నేళ్లయింది, ఒంట్లో బాగుందా లేదా, పని చేయగలరా లేదా, ఇవన్నీ రాశారు. ఇక్కడే అమ్మాయిని ఆపి మళ్లీ చదవమన్నాను. అందులో ఆడవాళ్ల పేరు పక్కన గీత లేదు. ఈమె పడుగుకి తెల్ల ఉన్ని వడుకుతుంది. ఈమె మేజోళ్లు అల్లుతుంది. ఈమె బట్టలు కుడుతుంది. ఈమె బట్టలుతుకుతుంది. ఈమె పురుళ్లకీ జబ్బువాళ్లకీ సాయం వెళుతుంది. ఎనభై ఏళ్లు దాటిన ముసలమ్మల పేర్ల పక్కన కూడా పని రాసి ఉంది. ఆరేళ్లూ ఏడేళ్లూ నిండిన పిల్లలక్కూడా.

నాలుగున్నర వందల ఏళ్లనాడు ఒక పేదరాలి గడిలో పని రాశారు. నా గడిలో గీత గీశారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి.

అయితే అయ్యో ఎంత మంచి రోజులో అని మురిసిపోకండి. నేనూ ముందు అలాగే మురిసిపోయాను, మర్నాడు అమ్మాయి తర్వాతి పేజీలు చదివాక దిగాను. వాళ్లు ఆడవాళ్ల పనిని గౌరవించి రాయలేదు. 1549లో కెట్ అనేవాడి నాయకత్వంలో జనం తిరగబడి నారిచ్ పట్నాన్నే పట్టుకున్నారు. ఆ భయం ఊరి పెద్దలకి పోలేదు. బీదవాళ్లు ఎక్కువైతే మళ్లీ ఏం మీదికొస్తుందో అని, ఎవరికి ధర్మం ఇవ్వాలి, ఎవరిని పనిలో పెట్టాలి అని తేల్చుకోడానికి రాసిన లెక్క అది. మరుసటి ఏడే మేయరు జాన్ ఆల్డ్రిచ్ హయాంలో కట్టుదిట్టమైన నియమాలు పెట్టారు. వీధుల్లో అడుక్కోకూడదు. ఉన్నవాళ్లు వారం వారం బీదలకోసం పన్ను కట్టాలి. ప్రతి పేటలోనూ కొందరు నమ్మకమైన ఆడవాళ్లని ఏరి, ఒక్కొక్కరి ఇంట్లో ఆరుగురు మొదలు పన్నెండుమంది దాకా ఆడవాళ్లనీ పిల్లల్నీ కూర్చోబెట్టి వడకడం, అల్లడం, పిల్లలకి అక్షరాలు నేర్పించాలి. అందుకు వాళ్లకి ఏడాదికి 20 షిల్లింగులు జీతం. పని చేయనివాళ్లని బెత్తంతో కొట్టే అధికారం కూడా ఇచ్చారు.

అన్నం పెట్టే చెయ్యే బెత్తం పట్టుకోవడం అన్నమాట. అయినా నాకొకటి అనిపించింది. నమ్మకమైన ఆడవాళ్లని ఏరారు, జీతమిచ్చారు, అది కాగితం మీద రాశారు. మన వీధిలో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఊరికే అక్షరాలు దిద్దించిన పిన్నిగార్లు ఎంతమంది లేరు! వాళ్ల పేర్లు ఏ కాగితంలో ఉన్నాయి?

ఇక ఆ కాలపు సంసారాలు ఎలా ఉండేవో చూస్తే మనకి ఆశ్చర్యమే. మనం అనుకుంటాం, పాతకాలమంటే ఎక్కడైనా బాల్యవివాహాలూ ఉమ్మడి కుటుంబాలూ అని. అక్కడ అలా కాదు. రాజుల, జమీందార్ల ఇళ్ల సంగతి వేరు గానీ, మామూలు ఇళ్లలో ఆడపిల్లకి పెళ్లి సగటున 25, 26 ఏళ్లకి. మగవాడికి 27, 28కి. పెళ్లయితే వేరే కాపురమే. అత్తగారింట్లో అడుగుపెట్టడమనేది లేదు. మరి అప్పటిదాకా ఏం చేసేవాళ్లు? పదమూడు, పద్నాలుగేళ్లకే పుట్టింటి నుంచి బయటికెళ్లి పరాయి ఇంట్లో పనికి కుదిరేవాళ్లు. మగపిల్లలు ఏడేళ్లు పని నేర్చుకోడానికి యజమాని ఇంట్లో ఉండేవాళ్లు. ఆడపిల్లలు వంటకీ ఇంటిపనికీ. "కుటుంబం" అంటే వాళ్ల లెక్కలో భార్యాభర్తలూ పిల్లలే కాదు, ఇంట్లో పడుకుని ఇంట్లో తినే పనివాళ్లంతా కుటుంబమే. ఆడపిల్ల పదేళ్లు చాకిరీ చేసి కూడబెట్టిన జీతమే ఆమె కాపురానికి పెట్టుబడి. గిన్నెలూ పరుపూ దుప్పట్లూ దానితోనే.

వినడానికి స్వేచ్ఛలా ఉంది కదా. కానీ ఎవరి కిందా ఉండకుండా సొంతంగా గది అద్దెకి తీసుకుని బతుకుతానంటే కుదరదు. 1563 నాటి చట్టం ప్రకారం పన్నెండు నుంచి నలభై ఏళ్ల లోపు పెళ్లికాని ఆడదాన్ని, వాళ్లు నిర్ణయించిన జీతానికి, వాళ్లు చెప్పిన ఇంట్లో పనికి కుదర్చవచ్చు. కాదంటే జైలు. నారిచ్‌లోనూ అలా సొంతంగా బతుకుతున్న అమ్మాయిల్ని పట్టుకొచ్చి విచారించారు. ఇక పెళ్లయిందా, చట్టం కంట్లో ఆమె భర్తలో కలిసిపోయినట్టే. ఆమె నగా నట్రా, డబ్బూ దస్కం అతనివే. తన పేరున ఒప్పందం రాసుకోలేదు, దావా వేయలేదు. లండన్‌లో మాత్రం పాత ఆచారం ప్రకారం భార్య వేరే వ్యాపారం చేసుకుంటుంటే ఆమెని ఒంటరి స్త్రీగా లెక్కగట్టి, ఆ వ్యాపారం లాభనష్టాలు ఆమెవే అనేవారు. నిజంగా చేతికి కాస్త అధికారం వచ్చేది మొగుడు పోయాకే. విధవరాలైతే అతని దుకాణం నడపొచ్చు, అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లని తన కింద ఉంచుకోవచ్చు. మనకి వైధవ్యం వస్తే చేతి గాజులు తీసేవాళ్లు. అక్కడ చేతికి తాళాలు వచ్చేవి. అందరికీ కాదు లెండి, దుకాణం ఉన్నవాళ్లకే. లేనివాళ్లు ఆ బీదల జాబితాలో ఉన్నారు.

ఆ కాలంలోనే నారిచ్‌కి బయటినుంచి జనం వచ్చారు. 1565లో ఎలిజబెత్ రాణి అనుమతితో ముప్పై కుటుంబాల నేతగాళ్లని నెదర్లాండ్స్ వైపు నుంచి పిలిపించారు. అక్కడ స్పెయిన్ రాజు పాలనలో మతం పేరుతో హింస, ఇక్కడ పడిపోతున్న బట్టల వ్యాపారం. ఇద్దరికీ అవసరమే. ముప్పై కుటుంబాలతో మొదలై కొన్నేళ్లకి ఊరి జనాభాలో దాదాపు మూడోవంతు వాళ్లే అయ్యారు. వాళ్లని ఊరివాళ్లు "పరాయివాళ్లు" అనే పిలిచేవారు. వాళ్ల పేరుమీద స్ట్రేంజర్స్ హాల్ అని ఒక పాత వర్తకుడి ఇల్లు ఇప్పుడు మ్యూజియంగా ఉంది, ఇంటి సామాన్లన్నీ పెట్టి.

ఆ వచ్చినవాళ్లలో ఒక టోపీలు చేసే ఆయన 1567లో ఈప్రలో ఉన్న భార్యకి ఉత్తరం రాశాడు. ఇక్కడి జనం మంచివాళ్లు, దిగులు పడకుండా పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యమన్నాడు. తర్వాత ఏం రాశాడో తెలుసా? వచ్చేటప్పుడు పిండి కలిపే తొట్టె తెచ్చుకో, ఇక్కడ దొరకదు. వెన్న అచ్చు పోసుకోడానికి రెండు చిన్న చెక్క గిన్నెలు కొను, ఇక్కడివాళ్లు అన్నిటికీ పంది కొవ్వే వాడతారు, మనవాళ్లం వెన్న మనమే చేసుకోవాలి అని.

అది విని నేనూ అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వాం. ఎందుకంటే అమ్మాయి వెళ్లేటప్పుడు నేను సర్దిన పెట్టెలో ఇడ్లీ రేకులు, పోపుడబ్బా, కంది పొడి, మూడు పొరలు చుట్టిన ఆవకాయ సీసా ఉన్నాయి. దేశం మారినా, శతాబ్దం మారినా, పరాయి ఊళ్లో కాపురం నిలబడాలంటే ముందు వంటింటి సామాను సర్దుకోవాలి. ఆ ఇల్లాలు ఆ చెక్క గిన్నెలు తీసుకుని సముద్రం దాటిందో లేదో నాకు తెలియదు గానీ, ఆవిడ నాకు దగ్గరి చుట్టంలా అనిపించింది.

పురుళ్ల సంగతి విన్నా అంతే. పురుడంటే ఆడవాళ్ల రాజ్యం. మంత్రసానీ, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ గదిలో ఉంటే మొగుడు బయట. వేడివేడిగా సారాయో ద్రాక్షరసమో గుడ్డు, సుగంధద్రవ్యాలు వేసి కాచి బాలింతకి పట్టేవాళ్లు. మనం కాయం పెట్టినట్టే. సుమారు నెల రోజులు ఆమె పనిలోకి రాదు, ఆ తర్వాత గుడికెళ్లి ప్రార్థన చేయించుకుని బయట తిరుగుతుంది. మన పురిటి స్నానం, బావిలో చేద వేయించడం గుర్తురావడం లేదూ! పుట్టిన పిల్లల్లో సుమారు పావువంతు పదేళ్లు నిండకుండానే పోయేవాళ్లు. ఇక మహమ్మారి వస్తే చెప్పనక్కర్లేదు, 1579లో ప్లేగుకి నారిచ్‌లో మూడోవంతు జనం పోయారు.

నేను తెలుగు బీయే చదివినదాన్ని, మాట కనిపిస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకందే ఊరుకోను. ఆ రోజుల్లోంచి వచ్చిన మూడు ఇంగ్లీషు మాటలు చెప్తాను, వినండి. పురిటి గదిలో చేరే ఆప్తులైన ఆడవాళ్లని "గాసిప్"లు అనేవారు. జ్ఞానస్నానం వేళ పిల్లకి దేవుడిచ్చిన చుట్టం అని ఆ మాటకి మొదటి అర్థం. ఇప్పుడు? పనిలేని కబుర్లు. "హౌస్‌వైఫ్" అన్న మాట వాడుకలో అరిగి అరిగి "హస్సీ" అయింది. ఇల్లు నడిపే ఆడది అన్న అర్థం పోయి, సిగ్గూ శరం లేనిది అయ్యింది. ఇక మూడోది "స్పిన్‌స్టర్". వడికే మనిషి అని అర్థం. ఒకప్పుడు అది వృత్తి, ఆ జాబితాలో గడి నింపిన వృత్తి. ఎంతోమంది పెళ్లికాని ఆడవాళ్లు వడికి బతికేవారు గనుక పదిహేడో శతాబ్దానికి కోర్టు కాగితాల్లో అది "పెళ్లికానిది" అన్న అర్థానికి మారిపోయింది. 2005 దాకా ఇంగ్లండు పెళ్లి రిజిస్టర్లలో ఆ మాట వాడారు. చేతిలో పని పోయింది, మొగుడు లేడన్న సంగతి మాత్రం మిగిలింది.

పని విషయంలోనూ అదే కథ. బీరు కాచడం మొదట్లో ఆడవాళ్ల పని. ఇంటికి కాచి మిగిలింది అమ్ముకునేవారు. హాప్స్ అనే పువ్వులు వేసి కాచడం వచ్చాక బీరు నిలవ ఉండటం మొదలైంది, పెద్ద కాగులూ పెట్టుబడీ కావలసొచ్చింది, లాభం పెరిగింది. లాభం పెరిగేకొద్దీ అది మగవాళ్ల చేతికి వెళ్లిపోయింది. ఇంట్లో వండితే ఇంటిపని, హోటల్లో వండితే మాస్టరు. ఇది మనకి కొత్తగా చెప్పాలా?

ఇక మన ఊరి సంగతికి వస్తాను. 1611లో గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం రేవుకి వచ్చింది. ఇంగ్లీషు కంపెనీవాళ్లు అక్కడ బట్టల కొనుగోలు మొదలెట్టారు. తర్వాత నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ కొట్టు పెట్టారు. ఆ పాలెం పేరే వాళ్ల నోట్లో నలిగి "మదపొల్లం" అయి, ఒక రకం నూలుబట్టకి పేరైంది. ఇక్కడి అద్దకం చీటీలు అక్కడి ఆడవాళ్లకి ఎంత నచ్చాయంటే, ఉన్నిబట్టల నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో చేసిన చట్టంతో మన దేశపు అద్దకం బట్టల దిగుమతి ఆపారు. తెల్ల బట్ట తెప్పించుకుని అక్కడే అద్దుకున్నారు. 1719లో లండన్‌లో నేతగాళ్లు వీధుల్లో నూలు గౌన్లు వేసుకున్న ఆడవాళ్లని వెంటాడి, ఒంటిమీది బట్టలు చింపేశారు. మరుసటి ఏడు నారిచ్‌లోనూ అలాగే జరిగింది. 1721లో చివరికి అలాంటి బట్ట కట్టుకోవడమే నేరమని చట్టం చేశారు.

చిరిగింది ఆడవాళ్ల బట్టలు. చట్టం కోరినవాళ్లు ముందు పెట్టింది కూడా పనిపోయిన వడుకు ఆడవాళ్లనే. అవతల గోదావరి ఒడ్డున ఆ నూలు వడికినవాళ్లూ ఆడవాళ్లే. వాళ్లలో ఒకరికి ఇంకొకరు ఎవరో తెలియదు.

ఆ నరసాపురం వైపే మా అమ్మమ్మగారిది. అమ్మ అక్కడే పుట్టి పెరిగింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో మిషనరీల కాలం నుంచి ఆడవాళ్లు లేసు అల్లుతారు, మీకు తెలిసే ఉంటుంది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఆ లేసు ఆడవాళ్లమీద 1982లో ఒక పుస్తకమే రాసింది. విదేశాలకి వెళ్లే సరుకు తయారుచేస్తున్నా, వాళ్లని ఇంట్లో ఊరికే కూర్చున్న ఇల్లాళ్లుగానే లెక్కగట్టారని. ఊళ్లో తిరుగుతూ ఉన్నిబట్టల లెక్కలు వింటున్న నాకు, మా అమ్మ చేతిలో కొక్కెంసూది అప్పుడు గుర్తొచ్చింది.

పొయ్యిమీద అన్నం ఉడుకుతుంటే అమ్మ అల్లేది. మాకు ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ అల్లేది. కరెంటు పోతే వీధరుగు మీద వెన్నెట్లో అల్లేది. ఏజెంటు వచ్చి దారం ఉండలిచ్చి, ఎన్ని ఉండలు అల్లితే అంతకి లెక్కగట్టి డబ్బిచ్చేవాడు. ఆ డబ్బుతోనే నా డిగ్రీ ఫీజు కట్టింది. చివరికి చూపు మందగించాక కూడా వేళ్లతో తడుముకుంటూ అల్లేది. అమ్మ పోయాక మరణ ధ్రువపత్రం కోసం వివరాలు చెప్పడానికి వెళ్లింది నేనే. "ఏం చేసేవారు?" అని అడిగారు. "ఏం లేదండీ, ఇంట్లోనే" అన్నాను. వాళ్లు రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను.

ఏజెంటు కుర్రాడిమీద కోపం తెచ్చుకున్నదాన్ని, అమ్మ గడిలో గీత గీసింది మాత్రం నేనే.

ఆ కాగితాన్ని ఇప్పుడు మార్చలేను. నారిచ్‌వాళ్లు రాసిన పద్ధతిలో ఇక్కడ రాసుకుంటున్నాను.

విధవరాలు. వయసు 71. నరసాపురం దగ్గర పుట్టింది, పెళ్లయి వచ్చి ఈ ఊళ్లో 50 ఏళ్లు. పిల్లలు ముగ్గురు, అందరూ చదువుకున్నారు. ఇల్లు సొంతం. కళ్లు సరిగా కనపడవు. లేసు అల్లుతుంది.

మీ అమ్మగారి గడిలో ఏం రాయాలో ఒకసారి ఆలోచించండి. బతికుంటే అడిగి రాయండి.